సీలింగ్ చప్పుడు

“అరగంట నుంచి ఆ కొట్టుడేంది ముత్యాలన్నా? లైట్లు పెట్టేదుందా, లేదా?”

సునంద నిచ్చెన పక్క నుంచి కదల్లేదు. అత్తమ్మ గదిలో కొత్తగా వేసిన ఫాల్స్ సీలింగులో పన్నెండు లైట్లు అమర్చడానికి ముత్యాలు ఒక్కోదానికి మూడొందలు అడిగాడు. ఏన్కూరులో వేరే ఎలక్ట్రీషియన్ రెండొందలకే వస్తానన్నాడు. ఇప్పుడు ఇంకేదో సాకు చెప్పి రేటు పెంచుతాడని ఆమె కనిపెట్టుకుని ఉంది.

ముత్యాలు ఒక అరచేయి సీలింగుకు ఆనించి, రెండో చేతిలోని కర్రతో మళ్లీ తట్టాడు. “బొగ్గుబాయిల ఇరవై ఏండ్లు చేసిన చెల్లె. పైకప్పు తట్టి వినకుండ దాని కింద ఎవ్వరం నిలబడం.”

“ఇది బాయి కాదు, మా ఇల్లు.”

“అవ్. ఈ సీలింగ్ ఎవరు చేసిన్రు?”

“మా తమ్ముడు. అందుకే సగం ఖర్చుకే అయింది. నీ లెక్క బయటోడు కాదు.”

అతను నిచ్చెన దిగాడు. “కిటికీ దిక్కు ఆరు లైట్లు పెడ్త. మంచం దిక్కు ఆరు పెట్టను. ఆడ షీటుకు పట్టు లేదు, బొక్క కొడితే ఊడొస్తది.”

“గట్లయితే నీకు కూలి సగమే కదా!”

“అవ్.” కర్ర ఆమె చేతికిచ్చాడు.

సునంద నిచ్చెనెక్కింది. కిటికీ వైపు తట్టింది, గట్టిగా పలికింది. అత్తమ్మ పడుకున్న మంచానికి సరిగ్గా పైన తట్టింది. ఖాళీ డబ్బా మోగినట్టయింది. దుప్పటి మీద తెల్లటి పొడి రాలింది.

ఆమె మూడోసారి తట్టలేదు.

“అత్తమ్మా, జర లెవ్వు,” అంటూ దిగి మంచం ఒక కొస పట్టుకుంది. “అన్నా, నువ్వటు పట్టు.”