తట్ట ఎత్తతన్నదెవలు?

“అత్తా, ఈ గుడ్డసుట్ట ఎందుకు తడిసింది?”

చేపల తట్టకింద తలమీద పెట్టుకునే చుట్టని అమ్ములు రెండువేళ్ళతో పైకెత్తి చూపించింది. దాన్నుంచి చేపనీళ్ళు టపటపా కారుతున్నాయి.

“దానిమీద కూకున్నాను,” అంది కాసమ్మ. బరంపురం నుంచి అప్పుడే వచ్చి, గడపలో నిలబడి మెడపట్టీ బిగించుకుంటోంది.

“కూకుంటే సేపనీళ్ళు కారతాయేటి?”

“తడినేల మీద కూకున్నానే! పోలీసోడిలాగ అడగతావేటి?”

అమ్ములుకి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి! మెడలో నరం నొక్కుకుపోయిందనీ, ఇక తలమీద బరువు పెడితే కుడిచెయ్యి పూర్తిగా పడిపోతుందనీ బరంపురం డాక్టరు ఫిల్ము చూసి మరీ చెప్పాడు. భుజం రాయిలా బిగుసుకుపోయింది. వేళ్ళు తిమ్మిరెక్కి, నిన్నటికి నిన్న చేతిలోని టీగ్లాసు జారి పగిలింది. అయినా ఈ మహాతల్లికి చీమ కుట్టినట్టయినా లేదు. కేరళ బోట్లమీద పనిచేసే మొగుడు అప్పలరాజు ఫోన్ చేసినప్పుడల్లా “అమ్మని తట్ట మొయ్యనీకు” అంటాడు. అంత దూరాన కూర్చుని చెప్పడానికేం, ఎన్నైనా చెబుతాడు.

ఉప్పుమూట వేడిచేసి అత్త భుజానికి కాపడం పెడుతూ అమ్ములు మళ్ళీ మొదలెట్టింది.

“ఒక్కకాడ కూకుని అమ్ముకోమంటే ఇనవేటత్తా?”

“అబ్బా, మెల్లగా పెట్టవే! కూకుంటే ఎవలొస్తారు? గుమ్మంలోకి ఎల్లి ఇస్తేనే వాడుక నిలబడద్ది.”

“అయితే మోస్తన్నావన్నమాట!”

“మోస్తన్నానని నానన్నానేటి? డాక్టరుబాబుకి తెలీకుండా నానేటీ సెయ్యట్లేదు. గంగమ్మ మీద ఒట్టు!”

“ఒట్లు కూడానా! కళ్ళు పోతాయి అత్తా!”

కాసమ్మ మూతి తిప్పుకుంది.

ఒక్కటి మాత్రం అమ్ములుకి బాగా తెలుసు. నిండు తట్టని ఎంతటి మనిషైనా ఒంటరిగా తలకెత్తుకోలేదు. ఇంకొకరు రెండో పక్క పట్టాల్సిందే. తట్ట దింపించి చేపలు కొన్నవాళ్ళే తిరిగి ఎత్తాలన్నది చేపలమ్మేవాళ్ళ కట్టుబాటు. పొద్దున్నే బోణీ చేసినవాళ్ళయితే అసలు కాదనకూడదు. ఆ ఎత్తుతున్న చేతులేవో పట్టుకుంటే చాలు, అత్త చెయ్యి దక్కుతుంది.

ముందు అత్తకి తట్ట ఎత్తబోమని ఊళ్ళో ఆడాళ్ళందరిచేతా ఒట్టేయించింది. తర్వాత అత్తని రోజూ బరంపురం తీసుకెళ్ళే ఆటో కొండలుని నిలదీసింది.

“నామీద పడతావేటొదినా?” అన్నాడు కొండలు. “తలకెత్తమంటే నా ఆటో ఎక్కొద్దని ఎప్పుడో సెప్పేసినాను. గేట్ బజారు ఎనకసందులో ఓ పచ్చగేటు కాడ తట్ట కిందకి దింపేసి, నా దారిన నానెల్లిపోతాను.”

“ఆ ఇల్లెవలిది?”

“నాకేటి తెలుసు? ఆ గేటు ఎప్పుడూ మూసే ఉంటది.”

మర్నాడు అత్త ఒడ్డున చేపలు కొనుక్కుని ఆటో ఎక్కేలోపే, అమ్ములు మొదటి బస్సులో బరంపురం వెళ్ళిపోయింది. పచ్చగేటు నిజంగానే మూసి ఉంది. చేతులు నొప్పెట్టేదాకా తట్టినా ఎవరూ పలకలేదు. చుట్టుపక్కల వాడుక ఇళ్ళన్నీ తిరిగింది. ఆ ఒరియా ఇళ్ళలో కాసమ్మని అందరూ, మనం పిన్ని అన్నట్టు, మౌసి అనే అంటారు.

“మేం ఎత్తమమ్మా, మాకా పాపం వద్దు,” అంది పద్మిని అనే ఇల్లాలు. “మౌసి మా ఇంటికొచ్చినా తట్ట దింపదు. నిలబడే ఉంటుంది, మేమే చెయ్యిపెట్టి చేపలు తీసుకుంటాం. ఎక్కడో ముందే ఎత్తించుకుని వస్తుంది.”

“ఎక్కడో అంటే ఎక్కడమ్మా?” అమ్ములు దాదాపు ఏడ్చినంత పనిచేసింది.

“అదే తెలిస్తే నేనే వెళ్ళి నాలుగు దులిపేదాన్ని.”

ఇక డాక్టరే దిక్కనుకుంది అమ్ములు. సందు చుట్టూ తిరిగి పెద్దరోడ్డు మీదికి వచ్చింది. ఆయన క్లినిక్కు ఆయన ఇంటి ముందుగదే. గబగబా లోపలికెళ్ళి అత్త ఫిల్ము బల్లమీద పెట్టింది.

డాక్టరు దాన్ని వెలుగుకి పట్టి చూశాడు. “రోజూ ఎంతోమంది వస్తారు, మనిషి గుర్తులేదు గానీ ఈ మెడ గుర్తుంది. ఇంకా బరువు మోస్తోందా?”

“మోస్తంది బాబూ. ఎవలో తట్ట ఎత్తతన్నారు. ఎంత ఎతికినా దొరకట్లేదు. రేపు ఆ సెయ్యి పడిపోతే నాను మా ఆయనకేటి సెప్పీది?”

డాక్టరు బల్లగుద్దాడు. “ఎవడమ్మా ఆ బుద్ధిలేనివాడు? ఇలాంటి మెడమీద అంత బరువు పెట్టడానికి వాడికి చేతులెలా వచ్చాయి? మా ఆవిడకీ మెడనొప్పే. ఇంట్లో బకెట్ కూడా ముట్టుకోనివ్వను. ఎత్తే పనులన్నీ నేనే చేస్తాను. అలా చూసుకోవాలి మనుషుల్ని! వాణ్ణొకసారి నా దగ్గరికి తీసుకురా, బుద్ధి చెబుతాను.”

అమ్ములుకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి తన బాధ అర్థం చేసుకునే మనిషి ఒకడు దొరికాడు. కళ్ళు తుడుచుకుని ఆయనకి రెండు చేతులా దణ్ణం పెట్టింది.

అంతలో లోపల్నుంచి ఆయన భార్య కేకేసింది. “ఏమండీ, చేపలు తీసుకున్నాను! మౌసి తొందరపడుతోంది!”

డాక్టరు ఫిల్ము బల్లమీద పడేసి, చొక్కాచేతులు పైకి మడుచుకుంటూ లేచాడు.

“నువ్వు తట్ట ముట్టుకోకు, రోజూలాగే నేనెత్తుతాను!” అంటూ పెరటి పచ్చగేటు వైపు పరుగెత్తాడు.