చప్పుడు లేని బండి

అసిరమ్మ గునపం దెబ్బకి మోటారు పగిలింది. బ్యాటరీలోంచి యాసిడ్ కారి సిమెంటు గచ్చు మీద బుసబుసా పొంగింది.

ఆమె మొగుడు గవర్రాజు పోర్టులో బ్యాటరీ ట్రాలీల మెకానిక్కు. తన మోటారు సైకిలుకి ఇంజను పీకేసి, పాత ట్రాలీ మోటారు బిగించాడు. మొన్ననే తయారైంది. ఆదివారం భీమిలి, ఆ తర్వాత అనకాపల్లి పోదామన్నాడు.

ఇప్పుడు ఆమె జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. "పిచ్చెక్కిందేటే? పెట్రోలు అక్కర్నేదు, సప్పుడు నేదు. ఇలాటి బండి గాజువాకలో ఎవుడికుందే?"

అసిరమ్మ నోట్లో రక్తం ఉమ్మేసింది.

"సప్పుడుండాల! ఇంజను మోత సందు మలుపులో ఇనబడగానే పిల్లని పక్కింట్లో దాసీసేదాన్ని. నిన్న నువ్వు గుమ్మంలోకొచ్చేదాకా నాకు తెల్నేదు."

లోపల చెయ్యి విరిగిన పిల్ల మూలిగింది. అసిరమ్మ మళ్ళీ గునపం అందుకుంది.