బండెక్కిన ఉడత

మంచు కురిసే అడవిలో తూర్పు వైపుకి ఎలుగుబంటి పెద్ద. రోజూ పొద్దున్నే ఓ బండరాయి ఎక్కి తన గొప్పలు చెప్పుకునేవాడు. చుట్టూ చేరిన గోరింకలు విన్నది విన్నట్టు అడవంతా మోసేవి. వాణ్ణి ఎప్పుడూ చూడని జంతువులు కూడా "ఎలుగన్నంటే ఎలుగన్నే" అనేవి.

ఆ చలికాలం చెట్టు మొదట్లో ఉన్న ఉడత తొర్రని మంచు మూసేసింది. దాచుకున్న గింజలన్నీ లోపలే ఉండిపోయాయి. బయట పిల్లలు ఆకలికి ఏడుస్తున్నాయి. ఉడత రోజూ వచ్చి మంచు తీయమని ఎలుగుని అడుగుతూనే ఉంది.

"చూద్దాంలేవే. నాకెన్ని పనులో నీకేం తెలుసు," అనేవాడు ఎలుగు.

ఓ పొద్దున వాడు గొంతు సవరించుకునేలోపే ఉడత బండెక్కేసింది.

"ఎలుగన్నా, మా తొర్ర ముందు మంచు ఎప్పుడు తీస్తావు?"

గోరింకలు రివ్వున లేచాయి.

"ఏయ్, ఆగండే. అది నా మాట కాదు," అన్నాడు ఎలుగు. అవి ఆగితేగా.

మధ్యాహ్నానికి అడవంతా అదే ప్రశ్న. ఎక్కడో పడమటి తోడేళ్లు కూడా "ఎలుగన్నా, మంచు తీశావా?" అని అరుస్తున్నాయి. ఎలుగు చచ్చినట్టు వచ్చి రెండు చేతులా మంచు తవ్విపోశాడు. ఉడత పిల్లలు గింజలు కొరుకుతుంటే, "ఇది కూడా చెప్పండర్రా," అని గోరింకల్ని బతిమాలాడు. అవి చెప్పాయి.

మర్నాడు ఎలుగు వచ్చేసరికి బండ మీద కుందేలు, నక్క, ముళ్లపంది వరసగా నిలబడున్నాయి.

"రా ఎలుగన్నా," అంది కుందేలు. "గోరింకలు ఎదురుచూస్తున్నాయి."