మా ఆవిడక్కూడానా?

"ఆ అబద్ధమే ఇంకోసారి చెప్పండి రాజుగారూ, ఈసారి కాస్త నమ్మేలా చెప్పండి" అంది లాయరు రూబీ.

ముందురోజు సాయంత్రం రొయ్యల చెరువు గట్టు మీద పక్క రైతును కొట్టాడని వెంకటపతిరాజును పోలీసులు స్టేషనుకు తెచ్చారు. ఆ వేళకు ఇంట్లో పడుకున్నానని ఆయన ఒకటే పాట. ఇంట్లో లేడని భార్య ఇంద్రజకు తెలుసు. స్టేషను వరండాలో కూర్చుని ఏడుస్తోంది.

రూబీ కానిస్టేబుల్‌ను దూరంగా నిలబడమంది.

"మన మాటలు ఎవరూ వినకూడదండి. అది మీ హక్కు. మీరు ఒప్పుకోందే నేనెవరికీ చెప్పను."

"మా ఆవిడక్కూడానా?"

"ఆవిడక్కూడా."

రాజు గొంతు తగ్గించాడు. "ఆ వేళకి పాలకొల్లులో మిఠాయి కొట్లో కాజాలు తింటున్నానండి. షుగరొచ్చాక ముట్టనని ఆవిడకి ఒట్టేశాను."

రూబీ నవ్వాపుకుంది. "కొట్లో కెమెరా ఉందా?"

"సరిగ్గా నా నెత్తి మీదేనండి."

"అయితే బయటపడతారు. కానీ అది చూపిస్తే ఇంద్రజగారికి తెలిసిపోతుంది. జైలా, ఆవిడా? మీ ఇష్టం."

రాజు నిజంగానే ఆలోచనలో పడ్డాడు. చివరికి భార్యను పిలిపించి, తల వంచుకుని అంతా చెప్పేశాడు. ఇక తిట్లే తరువాయి అనుకున్నాడు.

ఇంద్రజ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మనిషిని కొట్టొచ్చి నా దగ్గర దాస్తున్నారనుకున్నానండీ. రాత్రంతా దేవుడికి దణ్ణం పెడుతూనే ఉన్నాను."

కళ్లు తుడుచుకుంది.

"ఇంతకీ ఎన్ని తిన్నారు?"

రాజు లాయరు వైపు చూశాడు. "జవాబు చెప్పకుండా ఉండొచ్చాండీ?"

"పోలీసుల దగ్గరైతే ఉండొచ్చండి" అంది రూబీ.