గోలెం నీళ్లు

కొండల నుంచి వచ్చిన ముసలాడు తల మీది ఆకుకట్ట దింపాడు. చుట్టూ చూశాడు. తిన్నగా వచ్చి అసిరమ్మ గోలెంలో నీళ్లన్నీ పారబోసేశాడు.

జ్ఞానాపురంలో రైలు పట్టాల పక్క సందు అది. నీళ్లు వాకిలంతా పారాయి.

"ఓరి నీ సేతులిరిగిపోనూ! ఏటిరా ఈ పని?" విస్తరి కుడుతున్న అసిరమ్మ ఒక్క ఉదుటున లేచింది.

ముసలాడికి తెలుగు రాదు. తన కొండ భాషలో ఏదో అన్నాడు. గోలెం చూపించాడు. గుమ్మంలో ఆడుకుంటున్న ఆమె కూతురు గౌరీశ్వరిని చూపించాడు. ఆ పిల్ల ఎత్తున గాలిలో చెయ్యి పెట్టి, మెల్లగా కిందికి దించి, అరచేతిని నేలకి ఆనించాడు.

అసిరమ్మకి పై ప్రాణాలు పైనే పోయాయి.

పోవా మరి! కిందటేడు వచ్చిన కలరా ఆమె మొగుణ్ణి తీసుకుపోయింది, ఇద్దరు కొడుకుల్ని తీసుకుపోయింది. మిగిలిన నలుసు గౌరి ఒక్కతే.

చిత్రం ఏమిటంటే, ఇప్పుడు ఆ సందుకి కూడు పెడుతున్నదీ ఆ కలరాయే. హార్బరు కళాసీలు, ఉక్కు ఫ్యాక్టరీ కట్టడానికి వచ్చిన కూలీలు ఒకరు తిన్న కంచంలో ఇంకొకరు తినడానికి హడలిపోయారు. హోటళ్లవాళ్లు కంచాలు అటకెక్కించి అడ్డాకుల విస్తళ్లు అడిగారు. కొండ మీద ఆకు కోసేవాళ్లకీ, ఇక్కడ కుట్టే ఆడవాళ్లకీ చేతినిండా పని దొరికింది.

ఎండిన ఆకు విరక్కుండా కుట్టాలంటే నీళ్లలో నానాలి. కుళాయి ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియని ఊళ్లో రోజూ నీళ్లు మార్చేదెవరు? అవే నీళ్లు, అదే గోలెం. చల్లగా ఉన్నాయని పిల్లలు అందులోనే గ్లాసు ముంచేవాళ్లు.

"ఆడు సిల్లంగోడే," పక్కింటి సన్యాసమ్మ చెవిలో ఊదింది. "సేతబడి సేసీవోళ్లు అలగే సూత్తారు. నీ గౌరిని సూపించి భూమిలో కలిపెత్తానన్నాడు, కనబడనేదా?"

అనుమానం పెనుభూతం. గౌరి జడలో వేపరెబ్బ, మెడలో తాయెత్తు వెలిశాయి.

ముసలాడు మర్నాడూ వచ్చాడు. మళ్లీ గోలెం పారబోశాడు. మళ్లీ నేలకి చెయ్యి ఆనించాడు. ఆ వారమంతా అదే వరస. తిట్టినా పోడు, పొమ్మన్నా పోడు.

ఓ పొద్దున్న అసిరమ్మ కుళాయి నుంచి వచ్చేసరికి ముసలాడు తన నీళ్ల సొరబుర్ర వంచుతున్నాడు. గౌరి దోసిలి పట్టి గటగటా తాగుతోంది.

"ఓలమ్మో! నా పిల్లకి మందెట్టీసినాడే!"

బిందె వదిలేసి పరుగెత్తింది. సొరబుర్ర లాక్కుని నేలకేసి కొట్టింది. సందంతా చీపుళ్లూ రాళ్లూ పట్టుకుని లేచింది. సన్యాసమ్మ విసిరిన రాయికి ముసలాడి నుదురు చిట్లింది.

అతను తిరగబడలేదు. రక్తం తుడుచుకోలేదు. గోలెం వైపే చెయ్యి చూపిస్తూ, వెనక్కి వెనక్కి నడుస్తూ సందు దాటిపోయాడు.

అసిరమ్మ గౌరి గొంతులో వేలు పెట్టి తాగినదంతా కక్కించింది. గోలెం నిండా నీళ్లు పోసి ఆకు నానేసింది. మరి ముసలాడు రాలేదు. సందు ఊపిరి పీల్చుకుంది.

ఆదివారం ఆకుల వర్తకుడు అబ్బులు కట్టలు వేసుకుని కొండ దిగి వచ్చాడు.

"ఏటమ్మా, ముసలాయన తలకి ఆ దెబ్బేటి? ఏటైందంటే సెప్పడు. ఇంక పట్నం రానన్నాడు."

"ఆడు సిల్లంగోడు, అన్నా. మేమే తరిమీసినాం," అంది అసిరమ్మ.

అబ్బులు చేతిలో కట్ట జారిపోయింది.

"సిల్లంగేటి తల్లీ! ఆళ్ల ఊర్లో పిల్లలు ఆకు తడిపిన నీళ్లే తాగీవోరు. కలరా ఆ నీళ్లలోనే ఉందని డాకటర్లొచ్చి సెప్పేసరికి ఊరు సగం కాళీ. అప్పట్నుంచీ మా ఆకు ఏ సందుకెల్తే ఆ సందుకొచ్చి గోలేలు పారబోత్తన్నాడు. కూలి ఇత్తానన్నా పుచ్చుకోడు."

"మరి... ఆ సొరబుర్రలోయి?"

"కాసిన నీళ్లు. టేసను కాడ టీకొట్టోడికి కట్టెలు కొట్టిచ్చి కాయించుకుంటాడు."

అసిరమ్మ గిర్రున వెనక్కి తిరిగింది.

గోలెం దగ్గర గౌరి. పెదవుల దగ్గర గ్లాసు.

ఒక్క దెబ్బతో గ్లాసు ఎగిరిపోయింది. ఒక్క తాపుతో గోలెం బోర్లా పడింది. నీళ్లు వాకిలంతా పారాయి.

"ఓలమ్మో! ఆడి సిల్లంగి దీనికి పట్టీసినాదే!" సన్యాసమ్మ తలుపేసుకుంది.

"ఎప్పట్నుంచి తాగుతన్నావే ఈ నీళ్లు?" అసిరమ్మ పిల్ల రెండు భుజాలూ పట్టుకుంది.

"తాత రాడం మానీసినకాడ్నుంచి మల్లీ," అంది గౌరి బిక్కమొహం వేసుకుని. "ఆ తాతున్నప్పుడు బుర్రలో నీళ్లిచ్చీవోడు కదమ్మా."

అసిరమ్మ పిల్లని ఒళ్లోకి లాక్కుంది. నుదురు చూసింది, పొట్ట తడిమింది. ఏమీ లేదు. ఈ పూటకి ఏమీ లేదు. రేపటి మాట ఎవరికి తెలుసు?

"అన్నా, మరి ఆ సైగేటి?" గౌరి తల ఎత్తున గాలిలో చెయ్యి పెట్టింది. కిందికి దించబోయింది. ఆ చెయ్యి సగం దాకా వచ్చి ఆగిపోయింది, నేలకి ఆనలేదు.

అబ్బులు ఆ చేతినే చూస్తూ అన్నాడు: "ఆడి మనవరాలమ్మా. సరిగ్గా ఇంతే ఎత్తుండీది, ఆడి సేతుల్తో ఆడే పూడ్సుకున్నాడు."