మోకాలెత్తు గడ్డి

ఖాళీ స్థలంలో గడ్డి మోకాలు దాటితే ఓనర్లకు మున్సిపాలిటీ నోటీసు వస్తుంది. మా నోటీసులో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అందుకే మూడేళ్లుగా నాతో మాటల్లేని అన్నయ్య కొడవలి పట్టుకుని వచ్చాడు.

"ఏ పనీపాటా లేనివాడు కంప్లైంట్ ఇచ్చాడో!" అంటూ కసిగా కోస్తున్నాడు.

నాకు కాలు నిలవడం లేదు. నాలుగుసార్లు మంచినీళ్లిచ్చాను, పదిసార్లు గేటు వైపు చూశాను. నోటీసిచ్చిన ఇన్‌స్పెక్టర్ ఇవాళ రాకపోతే బాగుండు.

రానే వచ్చాడు. స్థలం చూసి, కాగితం నా చేతికిచ్చాడు. "కంప్లైంట్ ఇచ్చింది మీరేగా? వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెట్టండమ్మా."

కొడవలి చప్పుడు ఆగిపోయింది. తలెత్తకుండా సంతకం పెట్టాను.

ఇన్‌స్పెక్టర్ వెళ్లాక అన్నయ్య చేతులు దులుపుకున్నాడు.

"ఆ మూల గడ్డి ఇంకా మోకాలు దాటలేదు, వదిలేస్తున్నా. దాటగానే మళ్లీ కంప్లైంట్ ఇవ్వవే, వస్తా."