లోపల గడియ లేని గది

కాదు మనవరాలా, అక్కణ్ణుంచి కాదు. మేస్త్రీ పెరట్లో అడుగుపెట్టిన దగ్గర్నుంచి నేను చెప్తుంటా, నువ్వు రాయి.

మేస్త్రీ ఆ వీధికి కొత్త. పెరట్లో చిన్న ఇల్లు కట్టాలంటే హుషారుగా వచ్చాడు. జాగా చూడగానే వంటగట్టూ, స్నానాలగదీ, ముందు చిన్న అరుగూ మనసులోనే కట్టేసుకున్నాడు. తీరా చూస్తే పెద్దాయన, అదే, మీ తాత, మా అన్న, అప్పటికే నేల మీద సున్నంతో గీతలు గీసి ఉంచాడు.

మేస్త్రీ ఆ గీతల మధ్య నిలబడి చేతులు బారచాపాడు. గోడలు లేస్తే అటూ ఇటూ చేతులకి తగిలేంత జాగా.

"పెద్దాయనా, ఇది ఇల్లా, కోళ్ళగూడా?"

"గీసినంతే కట్టు."

"ఇంకాస్త జరుపుదామండీ. స్థలం మీది, ఇటుక మీది. నాదేం పోయింది?"

"గీత దాటొద్దు బాబూ."

"ఇంతకీ ఎవరికి?"

"మా పెద్దోడికి."

పెద్దోడు అక్కడే, గోడవార గొంతుక్కూర్చుని ఉన్నాడు. యాభై దాటిన మనిషి. చాలా ఏళ్ళు ఇంటికి దూరంగా ఉండి ఈమధ్యే వచ్చాడట. టీ ఇస్తే గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తాగుతాడు. గుమ్మం దాకా వెళ్ళాలన్నా తండ్రి వైపు చూసి "వెళ్ళిరానా?" అని అడుగుతాడు. ఈ ముసలాయన కొడుకుని ఎంత హడలగొట్టి పెంచాడో అనుకున్నాడు మేస్త్రీ.

పోనీ ఇల్లు ఇరుకా అంటే, అదీ లేదు. సిమెంటు బస్తాలు తడవకుండా లోపల పెట్టుకోమంటే మేస్త్రీ వెళ్ళి చూశాడు. ముందు గది ఖాళీ. మంచం మీద కొత్త పరుపు, దాని ప్లాస్టిక్ కవరు సగమే ఊడి ఉంది. వీధి వైపు పెద్ద కిటికీ. ఇంత గది పెట్టుకుని ఇదేం బుద్ధి అని నోటిదాకా వచ్చింది. మనకెందుకులే అని మింగేశాడు.

గోడలు లేచాయి. మంచం వద్దన్నాడు పెద్దాయన. గోడకి ఆనించి సిమెంటు దిమ్మె కట్టమన్నాడు. కిటికీ చెయ్యెత్తినా అందనంత పైన, పలకంత పెట్టించాడు. తలుపు ఇనుపది. గడియ బయటివైపు.

"మరి లోపల?"

"లోపల అక్కర్లేదు."

మేస్త్రీకి ఒళ్ళు మండింది. తాపీ కింద పడేశాడు.

"నాకూ పిల్లలున్నారు పెద్దాయనా. ఈ పాపం నా చేత్తో చేయించకండి."

పెద్దాయన కోప్పడలేదు. మేస్త్రీని తూర్పు గోడ దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఇక్కడ పెద్ద కిటికీకి సరిపడా లింటెల్ వెయ్యి. దాని కింద ఖాళీని ఇటుకలతో మూసెయ్. పక్క గోడతో కలపకుండా మూసెయ్. ఎప్పుడైనా తీస్తే పైగోడ కూలకూడదు."

"ఎప్పుడు తీస్తారు?"

"వాడు అడిగినప్పుడు. నా కాలంలో అడగడులే."

తెరవని కిటికీ కట్టడం మేస్త్రీకి అదే మొదటిసారి. పైన పూత పూసేసరికి అది ఎక్కడుందో అతనికే ఆనవాలు దొరకలేదు.

తలుపు బిగించే వేళకి పెద్దాయన కూతురు, అదే, మీ అత్త, వచ్చింది. అన్న కోసం పళ్ళూ, కొత్త చొక్కాలూ తెచ్చింది. గది చూసింది. గడియ చూసింది. చేతిలో సంచి జారిపోయింది.

"ఏంటి నాన్నా ఇది? అన్నయ్యనా ఇందులో పెట్టేది?"

పెద్దాయన వంగి, దొర్లిన పళ్ళు ఏరాడు.

"ఇన్నాళ్ళకి ఇల్లు చేరాడని నేను సంబరపడుతుంటే, నువ్వు పెరట్లోకి తోసేస్తావా? ఇరుగుపొరుగు ఏమనుకుంటారనా? నీకంత బరువైతే నాతో పంపు. మా హాల్లో రాజాలా పడుకుంటాడు!"

పెద్దాయన నోరు తెరిచాడు. గోడవార నుంచి పెద్దోడు వద్దన్నట్టు తల ఊపాడు. తెరిచిన నోరు మూతపడింది.

"ఒక్క మాట చెప్పు నాన్నా!"

"తలుపు బిగించు మేస్త్రీ," అన్నాడాయన.

"అయితే నాకు పుట్టిల్లు లేదనుకుంటా. పద అన్నయ్యా." చెయ్యి పట్టి లాగింది. పెద్దోడు కదల్లేదు. వెళ్ళమంటారా అన్నట్టు తండ్రి వైపు చూశాడు. ఆ చూపుకి ఆమె బావురుమంది.

"చూడు, మనిషిని ఎలా చేసిపెట్టావో!"

అంతే. ఆ పోవడం పోవడం మళ్ళీ గుమ్మం తొక్కలేదు.

పొద్దు వాలుతుండగా పెద్దోడు ఆ గదిలోకి వెళ్ళాడు. పెద్దాయన బయట గడియ పెట్టి, ఆ తలుపుకే ఆనుకుని కూలబడ్డాడు. మేస్త్రీ పనిముట్లు మూట కట్టుకుని, తూ అని ఉమ్మి, చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు.

మా అన్న నోరు విప్పడు, మీ అత్త ఫోనెత్తదు, అందుకని ఇది నువ్వే తీసుకెళ్ళి ఆవిడకి చదివి వినిపించు తల్లీ: ఇరవై ఏళ్ళ జైలు నుంచి వచ్చాక మెత్తటి పరుపు మీద, గడియ పెట్టని తలుపు పక్కన ఒక్క రాత్రీ కన్ను మూతపడక, "నా పాత గది లాంటిదే కట్టివ్వు నాన్నా, కాస్త నిద్రపోతాను" అని తండ్రి కాళ్ళు పట్టుకుని అడిగింది మీ పెదనాన్నే.